విరుగుడు బెల్లం

చదివే తల్లులకూ అయ్యలకూ ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది నలభై దాటాక, ఆయన పోయిన తర్వాత. ఇప్పటికీ ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచక చేయి ఆగిపోతుంది. ఒక పేజీ రాయడానికి మధ్యాహ్నమంతా పడుతుంది. పోయిన వారం భాగం మీకు ఆలస్యంగా అందింది అందుకే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి, కోప్పడకండి.

అది యుద్ధం నడుస్తున్న కాలం. చక్కెరకు కంట్రోలు పెట్టిన రోజులు. చిత్తూరులో నీవా ఏటి ఒడ్డున బెల్లం మండీ నడిపే ఏకాంబరానికి చక్కెర జబ్బు పట్టుకుంది. కాలి బొటనవేలి మీద లేచిన పుండు ఎన్ని కట్లు కట్టినా మానలేదు. ఒంట్లో చక్కెర దిగకపోతే అమావాస్య దాటాక వేలూరు పెద్దాసుపత్రికి పంపి కాలు తీయించక తప్పదని డాక్టరు జయరావు చెప్పాడు. తీపి లేనిదే కాఫీ గొంతు దిగదని ఏకాంబరం మొండికేస్తే సాకరిన్ బిళ్ళల సీసా ఒకటి ఇచ్చాడు. మూత్రంలో చక్కెర ఉందో లేదో ఇంట్లోనే చూసుకోమని నీలిమందు, గాజుగొట్టాలు, స్పిరిట్ దీపం ఇచ్చి, ఏకాంబరం భార్య తాయమ్మకు పని నేర్పాడు. నీలిమందులో కొన్ని చుక్కలు వేసి కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకొంచెం ఉంటే పసుపు, ఎక్కువైతే ఇటుక ఎరుపు. మొదటి రోజు ఎర్రగా వచ్చింది, ఆ తర్వాత నెల రోజులుగా గొట్టంలో నీలమే. పుండు మాత్రం పెరుగుతూనే వచ్చింది. ఆ పొద్దు తాయమ్మ ఎప్పటిలాగే దీపం ముట్టించింది. నీలం పచ్చబడి, పసుపై, ఎర్రగా తిరిగింది. పోయిన వారం అక్కడ ఆపాను.

దీపం వెలుతురుకు అలా కనబడిందేమో అనుకుని తాయమ్మ గొట్టాన్ని పట్టకారుతో పట్టుకుని కొట్టం బయటికి వచ్చింది. ఎండలో పెట్టి చూసింది. సందేహం లేదు. అడుగున బురద దిగినట్టు చిక్కగా, ఇటుకపొడి కలిపినట్టు ఉంది. మొగుడి కాలి కట్టు విప్పేటప్పుడు లోపలి గుడ్డకు అంటుకుని వచ్చే రంగు కూడా అదే.  గోడ పట్టుకుని నిలబడి, నోట్లో ఊరిన పుల్లటి నీళ్ళు ఉమ్మేసింది.

ఈ పని ఆమెకు ఒక్కనాడూ అలవాటు కాలేదు. వంటింట్లో చేయడానికి మనసొప్పక పశువుల కొట్టంలో ఒక మూల అలికి, అక్కడ దీపం పెట్టుకుంది. తెల్లవారేసరికి మూత పెట్టిన సత్తు గిన్నె కొట్టం గుమ్మం దగ్గర ఉండేది. ఏకాంబరం పెట్టి వెళ్ళేవాడు. ఆమె కొంగు ముక్కుకు చుట్టుకుని చుక్కలు వేసి, కాగేటప్పుడు లేచే ఆ వేడి కంపు ముక్కున పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని కూర్చునేది. అయ్యాక తలకు పోసుకునేది. ఆచారమని కాదు, ఆ వాసన తన ఒంటికి అంటుకుందేమోనన్న రోత. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చుకుంటే ఆ గిన్నె కళ్ళముందు నిలబడేది. అయినా చేసింది. కాలు నిలబడుతుందన్న ఆశ ఒక్కటే ఆమె చేత ఆ రోతను మింగించింది.

ఇంట్లో ఆమె తీసెయ్యని తీపి లేదు. బెల్లం మండీ వాళ్ళ వంటింట్లో బెల్లం కుండ బోర్లించిందని వీధి వీధంతా నవ్వింది. ఆడబిడ్డ తిరుపతి నుంచి "ఇది సలవ, ఏం సెయ్యదు" అని కలకండ పంపితే వచ్చిన మనిషి చేతనే తిప్పి పంపింది. ఎవరో కొండతేనె తెచ్చిస్తే అదీ ముట్టనివ్వలేదు. జయరావు మాట ఆమె చెవిలోనే ఉండేది.

"కలకండ, తేనె, తాటిబెల్లం, పేర్లే వేరమ్మా. ఈ జబ్బువాడి కడుపులోకి పోతే అన్నీ ఒకటే. ఈ బిళ్ళ ఒక్కటే చక్కెర కాదు. అట్లని ఇది మందు కూడా కాదు, అది బాగా గుర్తుపెట్టుకో. ఇది నాలుకను ఏమార్చేదానికి మాత్రమే. కాఫీ పొయ్యి మీద నుంచి దించినాక ఒక్క బిళ్ళ వెయ్యి. మరగనిస్తే చేదెక్కుతుంది. తీపి చాల్లేదని ఇంకొకటి అడిగితే ఇవ్వొద్దు. నిదానంగా ఆ నాలుక తీపినే మర్చిపోయేటట్టు చేస్తే అన్నిటికంటే మేలు."

ఆమె అట్లే చేసింది. బిళ్ళల సీసా కొంగున కట్టుకుని తిరిగింది. మరి ఈ ఎరుపు ఎక్కడిది?

నీలిమందు చెడిపోయిందేమో అన్న అనుమానం వచ్చింది. చెడిందో లేదో తెలుసుకునే దారి ఒక్కటే కనబడింది. తలుచుకుంటేనే సిగ్గేసింది. ఆమె పొద్దున లేచి, మొగుడి కంటపడకుండా దాచిన కంట్రోలు చక్కెర మిగిలిందంతా వేసుకుని కాఫీ తాగింది. అయినా తన మూత్రమే పట్టి, తనే కాచింది. ఇంకొక గొట్టం కడిగి, మళ్ళీ మందు పోసి, ముఖం తిప్పుకోకుండా చూస్తూ కూర్చుంది. నీలం అలాగే నిలబడింది, నెమలి మెడలాగా. ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు తిన్న తీపిని తనలోనే ఉంచుకుంటుందని జయరావు చెప్పింది నిజమే. మందు మంచిదే. 

అంటే ఆయన తిన్నాడు.

పట్టకారు నేల మీద పడేసి, ఎర్రగొట్టాన్ని గుడ్డలో పట్టుకుని, ఇంటి మధ్య తలుపు తీసుకుని మండీ వైపు నడిచింది. ఆ తలుపు దాటి ఆడవాళ్ళు పగటిపూట మండీలోకి రావడం ఆ ఇంట్లో లేదు.

మండీ అంటే పేరుకే బెల్లం. అక్కడ కాలు పెడితే నేల అరికాలిని పట్టుకుని వదలదు. గోనెపట్టల మీద బుట్టలు, బుట్టల మీద కందిరీగలు, కింద చీమలు. ఎండకు కారిన పాకం గోడవారగా నల్లగా గడ్డకట్టి ఉంది. మధ్యలో బొంత మీద ఏకాంబరం కూర్చుని ఉన్నాడు. కట్టుకట్టిన కాలు ముందుకు చాచి ఒక బోర్లించిన బుట్ట మీద పెట్టుకున్నాడు. రైతు తెచ్చిన ముద్దలో ఒక పెచ్చు విరవడం, నాలుక మీద పెట్టుకుని చప్పరించడం, ధర తేల్చి పక్కనున్న తమ్మపడిగలో ఉమ్మేయడం ఆయన వృత్తి. రుచి చూస్తే చాలు, ఏ ఊరి చెరకో, తోటకు ఏ నీళ్ళు పారాయో చెప్పేవాడు. తమ్మపడిగ నిండి అంచుకు తీగలుగా వేలాడుతోంది. ఈగలు ఒక గుంపుగా లేచి, కాలి కట్టు మీద వాలి, అక్కడి నుంచి లేచి ఆయన ఒళ్ళో ఉన్న పళ్ళెం మీద వాలుతున్నాయి. ఆయన చేత్తో ఒకసారి విసిరి, అదే చేత్తో పళ్ళెంలోని నల్ల అచ్చును ముక్కలు చేస్తున్నాడు.

ఆ నల్ల అచ్చే విరుగుడు బెల్లం. నెల రోజులుగా మండీలో అన్నిటికంటే గిరాకీ దానికే. తాటిబెల్లం కరిగించి, మద్రాసు నుంచి తెప్పించిన సాకరిన్ బిళ్ళలు దంచి అందులో కలిపి, మళ్ళీ మరిగించి అచ్చు పోసేవాడు. చక్కెర జబ్బువాళ్ళు భయం లేకుండా తినే బెల్లం అని పేరు పెట్టాడు. రుజువుగా కిటికీ ఊచకు దారంతో ఒక గాజుగొట్టం వేలాడదీశాడు. నీలంగా ఉన్న గొట్టం. తాయమ్మ నిన్న కాచిన గొట్టం. కడగడానికి పెడితే ఒకటి తక్కువైందని ఆమె వెతికింది కూడా.

పెనుమూరు నుంచి వచ్చిన మునెయ్య, చెరకు రైతు, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. మనిషి ముఖంలో రాత్రంతా బండి తోలిన అలసట. తలుపు చాటున తాయమ్మ ఒక్క నిమిషం ఆగింది.

"అన్నా, పోయిన సంతలో తీసకపోయిన బెల్లం అయిపోయింది. మా యమ్మకు దప్పిక తగ్గలా. రేయంతా లేస్తానే ఉండాది. బండిలోనే పండబెట్టుకొని వచ్చినాను, నువ్వొకసారి సూస్తావని. పెద్ద అచ్చు ఒకటి ఇస్తివంటే..."

"దప్పిక ఎందుకైతాదో తెలుసునా మునెయ్యా?" ఏకాంబరం గొంతులో వైద్యుడి దర్జా వచ్చింది. "విరుగుడు లోపలికి పోయి సక్కెరను కరిగిస్తా ఉండాది. కరిగిందాన్ని కడగల్ల కదా? దానికి నీళ్ళు అడుగుతా ఉండాది ఒళ్ళు. మంచిదే. పూటకు ఒక ముక్క ఇస్తాంటివే, ఇంగ రెండియ్యి."

"చేదు కొడతాది, తినలేనంటాదన్నా."

"చేదు కొట్టకుంటే మందెట్లవుతాది అబ్బా? ఆ చేదే దానికి సాక్షి. వట్టి బెల్లం ఎవుడైనా అమ్ముతాడు. చేదు తేల్సేవోడు చిత్తూరు తాలూకాలో నేనొక్కణ్ణే." మునెయ్య చేతిలో ఒక పెద్ద అచ్చు పెట్టి, వేలికి అంటిన పాకం నాకి, కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అదిగో, సూడు. నా ఒంట్లోదే. నెలగా నీలం. నేను తినేదీ ఈ బెల్లమే. యింతకంటే రుజువేం కావల్ల నీకు?"

మునెయ్య కిటికీ వైపు తిరిగి, దేవుడి పటాన్ని చూసినట్టు చూసి, చెంపలేసుకున్నంత పని చేశాడు.

తాయమ్మ లోపలికి వచ్చింది.

"మునెయ్యా, ఆ అచ్చు కింద పెట్టు."

మునెయ్య బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. "వదినా..."

"కింద పెట్టు నాయనా, నీకు పుణ్యముంటాది."

"ఏమ్మే! ఈడికెందుకొచ్చినావు నువ్వు? లోపలికి పో!" ఏకాంబరం కసిరాడు.

ఆమె గుడ్డ విప్పి ఎర్రగొట్టాన్ని కిటికీలోని నీలిగొట్టం పక్కన పట్టుకుంది. "అది నిన్నటిది. ఇది ఈ పొద్దుటిది. ఇంగ సెప్పు, ఏది నమ్మల్ల?"

నలభై ఐదేళ్ళు వచ్చేదాకా ఆమె మొగుణ్ణి 'మీరు' అనే పిలిచింది. ఆ మాట ఆ క్షణాన నోట్లోంచి ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు.

ఏకాంబరం కళ్ళు ఒక్కసారి గొట్టం మీదికి పోయి, మునెయ్య మీదికి పోయి, మళ్ళీ పళ్ళెంలోకి దిగాయి. "మందు సెడిపోయుంటాది. ఎండాకాలం."

"మందు సెడలేదు. నాది నేనే పట్టి సూసుకున్నాను. తీపి కాఫీ తాగి సూసుకున్నాను. నీలమే."

"సీ! నీదా? పరాయి మగోడి ముందర ఏం మాటలే అవి!"

"నీది కాస్తే గొప్ప, నాది కాస్తే తప్పా? నెల దినాలు ముక్కుకు గుడ్డ కట్టుకొని నీది ఉడకబెట్టినాను. నా కంచంలో అన్నం నాకు సయించలా. ఎందుకు సేసినాను? నీ కాలు నిలవాలని. నువ్వేమో ఈడ కూసోని ముక్కల మీద ముక్కలు మింగతాండావు."

"మింగితే ఏమి?" ఏకాంబరం కూడా రెచ్చిపోయాడు. "దొంగతనం సేసినానా? అందులో బిళ్ళలు కలిపినాను కదా! డాక్టరు ఇచ్చిన జాతి బిళ్ళలే. ఆయన సక్కెరకు బదులు ఒక బిళ్ళ అన్నాడు. నేను బెల్లానికి సరిపోయేటట్టు ఎక్కువే దంచినాను. బెల్లం ఎంత సెరుపు సేస్తే బిళ్ళ అంత మేలు సేస్తాది. సరికి సరి."

"ఎవురు సెప్పినారు నీకు, బిళ్ళ మేలు సేస్తాదని?"

"మేలు సెయ్యకుంటే డాక్టరు ఎందుకిస్తాడు?"

 ఒక మనిషి ముప్పై ఏళ్ళుగా తీపితోనే బతికి, తీపి సంగతి ఇంతే తెలుసుకున్నాడా అనిపించింది తాయమ్మకు. బిళ్ళ చక్కెరను చంపుతుందనుకున్నాడు. చక్కెరకు ఎదురు నిలబడుతుందనుకున్నాడు. మరిగిస్తే ఎక్కే ఆ పాడు చేదును నాలుక మీద పెట్టుకుని, ఇదే మందు గుణమని ఊరంతా పంచాడు. ఆ చేతివేళ్ళ గోళ్ళలో పుండు మీది పసుపూ ఉంది, పాకమూ ఉంది. ఆమె చూపు అక్కణ్ణుంచి తిప్పుకుంది.

"అట్లయితే తింటా ఉండావు," అంది నెమ్మదిగా. "నెలగా తింటా ఉండావు."

"రుచి సూసి ఉమ్మేస్తాను. ఎప్పుడో ఒక ముక్క లోపలికి పోతాది. ఉమ్మేసింది తిన్నట్టా?"

"ఉమ్మేసినావో మింగినావో నాకొద్దు. పద, కాణిపాకానికి పోదాం. మునెయ్య బండి వాకిట్లోనే ఉండాది. మునిగి, వినాయకుడి ముందర సత్తెం సెయ్యి, ఈ నెలలో బెల్లం మింగలేదని."

 కాణిపాకం కోనేట్లో మునిగి అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని ఆ చుట్టుపక్కల నమ్మకం. కోర్టులో నోటికొచ్చింది చెప్పివచ్చేవాడు కూడా కాణిపాకం పేరు వినబడితే వెనక్కి తగ్గుతాడు. బెల్లం తూకంలో తగువు వస్తే ఏకాంబరమే ఎన్నోసార్లు రైతులను ఆ మాటతో అదలించాడు.

"అది సెయ్యను," అన్నాడు ఏకాంబరం. కాలు బుట్ట మీది నుంచి కిందికి దించుకున్నాడు. నొప్పికి ముఖం వంకర తిరిగింది. తర్వాత ఏదో దారి దొరికినవాడిలా తల ఎత్తాడు. "ఇంకొకటి సేస్తా. ఆ గొట్టంలో ఉండే ఎరుపు నాది కాదని సేస్తా. పద, ఇప్పుడే పద! నిలువునా మునిగి సేస్తాను. అది నాది కాదు. నా ఒంట్లోది కాదు!"

తనను ఇరికించిన మాటలోంచి బయటపడ్డానన్న సంతోషంలో ఆయన ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. తెలిసింది ముందు మునెయ్యకు.

"ఈ పొద్దుటిది నీది కాకపోతే," అన్నాడు మునెయ్య, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ, "ఆ నీలం కూడా నీది కాదా అన్నా?"

ఏకాంబరం తమ్మపడిగ వైపు వంగి ఉమ్మాడు. నోట్లో ఏమీ లేకుండానే ఉమ్మాడు.

మునెయ్య చేతిలో ఇంకా అచ్చు ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టి, అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు. పాకం పోలేదు. మళ్ళీ తుడుచుకున్నాడు. "అది తిననంటే నేనే నోరు తెరిపించి పెట్టినాను," అన్నాడు. "మా యమ్మ నోట్లో. ఈ చేత్తోనే."

ఆయన గొంతులో కోపం కూడా లేదు. అందుకే అది వినలేకపోయింది తాయమ్మ. ఆయన వెంట వాకిట్లోకి నడిచింది. బండిలో గడ్డి మీద ముసలామె పడుకుని ఉంది. పెదవులు ఎండి పెచ్చులు లేచాయి. తాయమ్మ వంగి నుదుటి మీద చేయి వేసేసరికి ఆమె ఊపిరి తగిలింది. మురగబెట్టిన పండు వాసన. తియ్యగా ఉంది ఆ కంపు. తియ్యగా ఉండడమే తాయమ్మకు భరించరానిదైంది.

"జయరావు డాక్టరు ఇంటికి తోలు మునెయ్యా. యాడా నిలపొద్దు. ఏం తినింది, ఎన్నాళ్ళు తినింది, అంతా సెప్పు. మా పేరూ సెప్పు. దాచొద్దు. నీళ్ళడిగితే ఇయ్యి, ఆ బెల్లం మాత్రం ముట్టించొద్దు."

ముసలామె కళ్ళు తెరిచి, "విరుగుడు ఇస్తివా తల్లీ?" అని అడిగింది.

తాయమ్మ బండి చక్రం పట్టుకుని నిలబడింది. బండి కదిలాక చక్రం చేతిలోంచి తనంతట తనే జారిపోయింది.

మళ్ళీ మండీలోకి వచ్చేసరికి ఏకాంబరం నీలిగొట్టాన్ని ఊచ నుంచి విప్పి జేబులో పెట్టుకుంటున్నాడు.

"మొదటి దినమే ఎర్రగా వచ్చింది కదా," అన్నాడు ఆమె అడగకుండానే. గొంతు తగ్గించాడు. "నువ్వు ముఖం మాడ్సుకొని, అన్నం తినకుండా కూసున్నావు. నీ బాధ సూడలేక..."

"నా బాధ సూడలేక గిన్నె మార్సినావు."

"కొన్నాళ్ళే అనుకున్నాను. విరుగుడు పట్టేదానికి కొన్నాళ్ళు పడతాది. అంతలోకి నీకు ధైర్యం, జనానికి ధైర్యం. నాది నీలమయినాక ఎట్లాగూ నాదే పెడదామనుకున్నాను. దీంట్లో మోసమేముండాది?"

 నెల రోజులు. నీలం కనబడిన ప్రతి పొద్దూ ఆ గొట్టాన్ని కళ్ళకద్దుకోబోయి ఆగింది తాయమ్మ. ఎవరిదో తెలియని మూత్రానికి దండం పెట్టబోయింది. ఎవరిదో కాచి, ఎవరిదో వాసన కొంగుతో అడ్డుకుని, ఎవరిదో కడిగి పారబోసింది. దారిన పోయే కూలివాడిదా? బుట్టలు మోసేవాడిదా? ఒళ్ళంతా ఇప్పుడే ఎవరో తడిపినట్టు గుడ్డలు ఒంటికి అంటుకున్నాయి. అప్పటికప్పుడు ఏట్లో పడి మునిగితే బాగుండుననిపించింది.

అంతలో ఆ రోత అడుగు నుంచి ఇంకొక ఆలోచన పైకి లేచింది. చన్నీళ్ళలాంటిది.

నెలగా నీలం. ఈ పొద్దు ఎరుపు.

"నీలం ఎవురిదైనా కానీ," అంది. "ఈ ఎరుపు ఎవురిది?"

"అదే. అదే మనిషిది."

"ఎవురిది?"

"పరాయోళ్ళది కాదులేవే, అట్ల సూస్తావేం. పరాయోళ్ళది నీ చేత ముట్టిస్తానా నేను? మన ఇంటిదే." ఏకాంబరం కొంచెం సిగ్గుగా నవ్వాడు. "సుబ్రమణ్యం. రోజూ తెల్లారి వాడే నింపిచ్చేవాడు. పిల్లోడు నవ్వులాట అనుకున్నాడు."

సుబ్రమణ్యం వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండేళ్ళవాడు. మండీ నుంచి రైలుస్టేషనుకు బుట్టలు తోలించే పని వాడిదే.

 ఈ మధ్య వాడి ఆకలి చూసి తాయమ్మ మురిసిపోయింది. పని చేసే వయసు, తినే వయసు అనుకుని అడగకముందే ఇంకో ముద్ద వడ్డించింది. ఇంత తిన్నా చొక్కా భుజాల మీద వదులవుతుంటే ఎండలో తిరుగుతున్నాడు కదా అని సరిపెట్టుకుంది. కాలు కాలు అని నెల రోజులు ఒక గిన్నె వైపే చూసింది. ఆ గిన్నె నింపినవాడి వైపు చూడలేదు.

ఏకాంబరం ముఖం మాత్రం తేటపడింది. లెక్క ఇప్పుడు తేలినవాడిలా బొంత మీద సర్దుకుని కూర్చున్నాడు.

"అయితే ఏమ్మే, ఎరుపు నాది కాదు కదా!" అన్నాడు. "నేను సెప్పినానా లేదా? డాక్టరుకు ఆ మాట సెప్పు. నాది కాదు!"

ఒక ఈగ ఆయన పై పెదవి మీద వాలింది. ఆయన దాన్ని తోలలేదు. సంతోషంలో ఉన్నాడు.

తాయమ్మ పళ్ళెం తీసింది. అచ్చులూ ముక్కలూ అన్నీ తమ్మపడిగలోకి బోర్లించింది. "ఏయ్, ఏయ్!" అని ఏకాంబరం లేవబోయి, కాలు నేలకు ఆనగానే కేక పెట్టి కూలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మధ్య తలుపు దాటి, వంటిల్లు దాటి, పెరట్లోకి వెళ్ళింది.

సుబ్రమణ్యం స్టేషను నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు. బావి గట్టు మీద చేద పెట్టుకుని, దోసిలి కూడా పట్టకుండా వంగి చేదలోంచే తాగుతున్నాడు. గొంతు కదులుతోంది. ఆగడం లేదు. ఊపిరి అందక ఒకసారి తల ఎత్తి, గడ్డం మీద నీళ్ళు కారుతుండగా మళ్ళీ వంగాడు. చేద సగానికి వచ్చింది. వెనక నుంచి చూస్తే వీపున ఎముకల వరస బనీను మీదుగా కనబడుతోంది. ఇన్నాళ్ళు అది ఎలా కనబడలేదో.

అలికిడికి వాడు తిరిగి చూశాడు. "ఏమ్మా, అట్ల నిలబడినావు?" అని నవ్వాడు. నాయన నవ్వే. "నాయన సెప్పేసినాడా? నన్ను కొట్టొద్దు మా. ఆయన అడిగినాడు, ఇచ్చినాను. డాక్టరు నీలం కావాలంటే ఇంట్లో నీలముండేది నాదొక్కటే అన్నాడు."

తాయమ్మ కొట్టం గుమ్మం దగ్గర నుంచి సత్తు గిన్నె తీసుకుంది. బావి దగ్గర బూడిద వేసి తోమింది. లోపలా, బయటా, అంచు కిందా తోమింది. నీళ్ళతో తొలిచి, మళ్ళీ తోమింది. తన చేతులకు ఈసారి రోత ఎక్కడికి పోయిందా అని ఒక్క క్షణం ఆమె చూసుకుంది. వాడు నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆ నవ్వు నిదానంగా ముఖం మీద ఆరిపోతోంది.

తోమిన గిన్నె వాడి చేతిలో పెట్టింది.

"మళ్ళీనా?" అన్నాడు సుబ్రమణ్యం. "ఈ పొద్దుటిది ఇచ్చేసినాను కదమ్మా నాయనకు."

"నాయనకు కాదు నాయనా," అంది తాయమ్మ. "నీకే."

సి. మునిరత్నమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది వడమాలపేటలో, రెండో కూతురి ఇంట్లో.